చీకట్లో ఎర్రచీర

మా బావ పోయిన చోట రోడ్డు తిన్నగా ఉంటుంది. మలుపు లేదు, గుంట లేదు, అడ్డంగా చెట్టు లేదు. మైలవరం నుంచి బెజవాడ వచ్చే దారిలో, అక్క వాళ్ళ ఊరి అడ్డరోడ్డు దాటాక ఒక పక్క మామిడితోట, ఇంకో పక్క మొక్కజొన్న చేను. నవంబరు నెల, దీపాలు పెట్టిన కాసేపటికి. బావ తోటలో మోటారు కట్టేసి ఇంటికి నడిచి వస్తున్నాడు. చలిగా ఉందని ముదురు నీలం దుప్పటి భుజాల చుట్టూ కప్పుకున్నాడు. వెనక నుంచి కారు కొట్టింది.

కారు నడిపినతను పారిపోలేదు. తనే బావని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తెచ్చాడు. నేను వెళ్ళేసరికి వరండాలో గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. చొక్కా నిండా రక్తం. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట చెబుతున్నాడు.

"కనపడలేదండీ. ఒట్టండీ, కనపడలేదు."

నేను నమ్మలేదు. తిన్నని రోడ్డు మీద ఆరడుగుల మనిషి కనపడకపోవడం ఏమిటి? ఫోను చూసుకుంటూ ఉంటాడని కొందరన్నారు, తాగి ఉంటాడని కొందరన్నారు. నాకు ఆ రెంటిలో ఏదో ఒకటి నిజమైతే బాగుండుననిపించింది.

నేను ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాను. కొలతలు తీసుకోవడం, ఎంత ఇనుము పడుతుంది, ఎన్ని అడుగుల చెక్క పడుతుంది అని అంచనా కట్టడం నా పని. చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతా లెక్కలన్నీ పాత పుస్తకాలు తిరగేసి, తప్పులు చేసి, దిద్దుకుని నేర్చుకున్నవే. నాకు ఏదైనా అర్థం కాకపోతే కొలుస్తాను. ఇంకో దారి తెలియదు.

బావ పోయిన మూడో నెలలో, ఒక సాయంత్రం షెడ్డులోని పొడుగు టేపు స్కూటరు డిక్కీలో వేసుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. దుప్పటి ఇంకా ఉందా అని అడిగాను. ఆసుపత్రి నుంచి తెచ్చినది పారేశారు. అలాంటిదే ఇంకొకటి, అదే రంగుది, మంచం కింద పెట్టెలో ఉంది. దాన్ని ఒక కర్రకి తగిలించి రోడ్డు వార నిలబెట్టి, దూరం నుంచి బండి మీద వస్తూ ఎక్కడికొస్తే కనపడుతుందో చూస్తానని చెప్పాను. అక్క అంతా విని దుప్పటి తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు.

"కర్రకి తగిలిస్తే మనిషిలా ఉండదురా. నేను నించుంటా," అంది.

"వద్దక్కా."

"నువ్వు చూడాలనుకుంటున్నావు గదా. నాకూ చూడాలనే ఉంది."

చీకటి పడ్డాక మా అక్క తన మొగుడు పడిన చోట ఆ దుప్పటి కప్పుకుని, రోడ్డుకి వీపు పెట్టి నిలబడింది. నేను దూరంగా వెళ్ళి, ఎదురు బండ్లు ఉన్నప్పుడు అందరూ దించుకునే లైటులాగే దించుకుని, మెల్లగా దగ్గరికి వచ్చాను. అక్కడ ఉందని తెలుసు. అయినా కనపడలేదు. తారు నలుపు, చేను నలుపు, మధ్యలో ఇంకో నలుపు. ముందు తెల్లగా రెండు మడమలు కనపడ్డాయి, ఆ తరవాత మనిషి. బండి ఆపి అక్కడి నుంచి టేపు పరిచాను. పాతిక మీటర్ల లోపే. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చాను. మూడుసార్లూ దాదాపు అంతే వచ్చింది.

తరవాతది చిన్న లెక్క. గంటకి యాభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకి పద్నాలుగు మీటర్లు. కంటికి ఏదో ఆనడం, అది మనిషి అని తెలియడం, కాలు బ్రేకు మీదికి వెళ్ళడం — వీటికి సెకనున్నర వేసుకున్నా, బ్రేకు తొక్కకముందే ఇరవై మీటర్లు అయిపోతాయి. తొక్కాక బండి ఆగడానికి ఇంకో పద్నాలుగు, పదిహేను. అతనికి కావలసింది ముప్పై అయిదు. ఉన్నది పాతిక.

"ఎంతొచ్చింది?" అని అడిగింది అక్క, రోడ్డు వారనే నిలబడి.

చెప్పాను.

"అయితే ఆ అబ్బాయి అబద్ధం ఆడలేదన్నమాట," అంది. దుప్పటి తీసి మడత పెట్టుకుంది.

ఎవరినో ఒకరిని తిట్టుకోవడానికి వీలుండేది, ఆ సాయంత్రంతో అదీ పోయింది. టేపు చుట్టి డిక్కీలో పెడుతుంటే, లారీ వెనక అంటించే ఎర్ర రిఫ్లెక్టరు టేపు ముక్క ఒకటి చేతికి తగిలింది. అరచేయంత ఉంటుంది. అక్క చేతికిచ్చి, వీపు మీద పట్టుకోమని, మళ్ళీ వెనక్కి వెళ్ళాను. తోట గేటు దగ్గర బండి తిప్పగానే నిప్పుకణంలా కనపడింది. ఆ దూరం కొలవడానికి నా టేపు చాల్లేదు.

బావ ఏటా మార్గశిరంలో అమ్మవారి కొండకి నడిచి వెళ్ళేవాడు. ఊళ్ళో చాలామంది వెళతారు, ఎర్రబట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా. మగవాళ్ళు మైకుబండి పెట్టుకుని ముందే పోతారు. ఆడవాళ్ళు మాత్రం ఎండకి కాలిన తారు చల్లబడ్డాక, సాయంత్రం బయల్దేరి, తెల్లారేసరికి కొండ చేరతారు. బావ సంవత్సరీకం అయ్యాక వచ్చిన మార్గశిరంలో అక్క ఫోను చేసింది.

"ఈసారి నేను వెళతానురా. ఆయన నడవాల్సిన నడక ఒకటి మిగిలిపోయింది."

ఎర్రచీర పగలు ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. అదే చీర చీకట్లో, బండి లైటుకి, బావ దుప్పటికీ దానికీ పెద్ద తేడా ఉండదు. టిప్పర్లు తిరిగే దారి అది. వద్దంటే వినే మనిషి కాదు. కాబట్టి వెళ్ళేవాళ్ళందరికీ బెల్టులు కుట్టిస్తానన్నాను. పద్దెనిమిది మంది తేలారు. లారీలకి అంటించే టేపు గుడ్డ మీద నిలవదు, మడతపడితే పగులుతుంది. రోడ్డు పనివాళ్ళు తొడుక్కునే కోట్ల మీద కుట్టే పట్టీ వేరే ఉంటుంది. అది తెప్పించి, మా వీధి టైలరు చేత ముందూ వెనకా ఇంటూ గుర్తులా పడేట్టు కుట్టించి, ముందు వారమే తీసుకెళ్ళి ఇచ్చాను.

అక్క ఒకటి తీసి తిప్పి చూసింది.

"ఇదేంట్రా, మసిగుడ్డ రంగులో ఉంది?"

"అందులో సన్నటి గాజుపూసలుంటాయక్కా, కంటికి ఆనవు. లైటు ఎటు నుంచొస్తే అటే తిప్పి పంపిస్తాయి. బండి నడిపేవాడికి మెరుస్తుంది. మనకి మసిగుడ్డే."

"అంటే నాకు తప్ప అందరికీ కనపడతానా."

"అంతే."

"బానే ఉంది," అని మడత పెట్టింది.

రోడ్డుకి కుడిపక్కన, వచ్చే బండ్లకి ఎదురుగా నడవమని కూడా చెప్పాను. అది ఎవరూ చెవిన వేసుకోలేదు. బళ్ళో ఎడమపక్కన నడవమని నేర్పారట. కొండకి వెళుతూ కుడిపక్కన నడవడం ఏమిటని నవ్వారు.

బయల్దేరే రోజు నేను ముందే వెళ్ళి, బెల్టులు సరిగా కట్టుకున్నారో లేదో చూడాలనుకున్నాను. షెడ్డులో పని తెమలలేదు. తెమిలాక బెంజ్ సర్కిల్ దాటడానికే సాయంత్రం సగం పోయింది. రద్దీ తప్పించుకుందామని పెద్దరోడ్డు వదిలి పొలాల దారిన ఊరు చేరేసరికి వెలుగు తగ్గిపోయింది. అక్క ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద బావ బాబాయి ఒక్కడూ కూర్చుని ఉన్నాడు.

"ఎవరూ?"

"నేనేనండీ బాబాయిగారూ, ఆటోనగర్ నుంచి."

"ఓ, నువ్వా. ఎండ చల్లబడగానే వెళ్ళిపోయారయ్యా. నీ బెల్టులు భలే ముచ్చటపడ్డార్లే. కొత్తవి గదా, మా వదిన ఊరికే వేసుకోనిస్తుందా? ఒక్కోదానికీ పసుపూ కుంకుమా పెట్టించి మరీ వేయించింది."

"మంచిదండీ," అన్నాను. నాకు సంతోషమే అయింది. ఇచ్చినవి మూలన పడెయ్యకుండా మర్యాద చేసి కట్టుకున్నారని.

బండి తిప్పి వాళ్ళు వెళ్ళిన దారినే బయల్దేరాను. అడ్డరోడ్డు దాటాను. మామిడితోట దాటాను. అక్కడికి పూర్తిగా చీకటి పడింది. ఊరి లైట్లు వెనకబడిపోయాయి. మంచు సన్నగా దిగుతోంది. చాలా దూరాన ఇంటూ గుర్తు ఒకటి తెల్లగా వెలిగింది. మనిషి అడుగు వేసినప్పుడల్లా కొంచెం ఊగుతోంది. నేను అనుకున్నట్టే ఉంది. కానీ ఒక్కటే ఉంది.

మిగతావాళ్ళు ఏమైనట్టు? అక్క వెనకబడిపోయిందా, లేక వాళ్ళంతా ఆగిపోతే ఈ ఒక్క మనిషే నడుస్తోందా? ఆ గుర్తు మీదే చూపు పెట్టి, కొంచెం వేగం పెంచాను. ఆమెని చేరుకుంటున్నాననగా ముందు గాజుల చప్పుడు వినపడింది. తరవాత నా లైటులో, నాకూ ఆ గుర్తుకీ మధ్య, వీపులు లేచాయి. ఒకటి, రెండు, గుంపు. నల్లటి చీరలు. బ్రేకు తొక్కితే స్కూటరు పక్కకి జారింది. ఒకామె చీరకొంగు నా హ్యాండిలుకి తగిలి విడిపోయింది.

"ఏమయ్యోయ్! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" అని అరిచింది ముందు నడుస్తున్న పెద్దావిడ. బాబాయి చెప్పిన వదిన ఈవిడే. బావకి పెద్దమ్మ వరస, ఊళ్ళో అందరికీ పెద్దమ్మే. ఈ గుంపుకి ఆవిడే పెద్ద.

"కనపడలేదు పెద్దమ్మా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని అది ఎవరి మాటో నాకు గుర్తు రాలేదు. గుంపులోంచి అక్క ఇటు తిరిగి చూసింది. వెలిగింది ఆమె బెల్టే.

ఫోను లైటు వేసి దగ్గరున్నామె వీపు చూశాను. పట్టీ పొడుగునా నువ్వులనూనెలో కలిపిన పసుపు, గడపకి రాసినట్టు, ఎక్కడా సందు లేకుండా మెత్తారు. పసుపు మీద బెత్తెడు దూరానికొక కుంకుమబొట్టు. ఎంతో శ్రద్ధగా చేసిన పని. గాజుపూస ఒక్కటి కూడా బయటికి లేదు. పక్కామెదీ అంతే. ఆ పక్కామెదీ అంతే.

జేబులోంచి రుమాలు తీశాను. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది.

"ఆగు బాబూ, ఏం చేస్తున్నావ్?" అంది పెద్దమ్మ.

"ఈ నూనె తుడిచెయ్యాలి పెద్దమ్మా. దీనివల్లే లైటు ఆనట్లేదు. నేనే మీ మీదికి ఎక్కించబోయాను, చూశారుగా."

"తుడుస్తావా? కొండకెళ్ళే ముత్తైదువ మీద కుంకం తుడుస్తావా?"

"మనిషి మీద కాదు పెద్దమ్మా. బెల్టు మీద."

"బెల్టు ఎవరి మీదుందీ?"

యాభైకి పద్నాలుగు, పాతికకి ముప్పై అయిదు అని మొదలుపెట్టాను. సగం చెప్పేసరికే ఎవరో కిసుక్కున నవ్వారు.

"అక్కగారి తమ్ముడు ఇక్కడ కూడా టేపు తెచ్చాడే!"

"లెక్కలు మాకెందుకులెండి, అన్నీ అమ్మవారు చూసుకుంటది."

"అమ్మవారు చూసుద్దిలేవే, లారీవాడు కూడా చూడాలిగా," అంది ఇంకో గొంతు. దానికి అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. కానీ బెల్టు విప్పడానికి ఒక్కళ్ళూ ముందుకు రాలేదు. రుమాలు చేతిలో పట్టుకుని నేనలా నిలబడి ఉండగా ఒక టిప్పరు మా పక్క నుంచి పోయింది. ఆ గాలికి చీరలన్నీ ఒకవైపుకి ఎగిరాయి. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు అక్క అంది. గొంతు పెంచలేదు.

"మీరంతా ముందు నడవండి. ఒకళ్ళ వెనక ఒకళ్ళు. నేను చివర నడుస్తా."

ఎవరూ ఎందుకని అడగలేదు. ఆమె బెల్టుకి పసుపు ఎందుకు లేదని కూడా అడగలేదు. అందరికీ తెలుసు, నాకూ అప్పుడే తెలిసింది. పెద్దమ్మ కాసేపు రోడ్డు వంక చూసి, "అదే మంచిదేమోలే," అంది. గాజుల చప్పుడుతో వరస కదిలింది.

నేను అక్క పక్కన స్కూటరు నడిపించుకుంటూ నడిచాను.

"ఆ బెల్టు నాకియ్యి. చివర నేను నడుస్తా."

"ఇది మీ బావ నడకరా. మధ్యలో ఇంకోళ్ళు అందుకోకూడదు."

"చివర మనిషికే ప్రమాదం ఎక్కువక్కా."

"లెక్క వేసి చూడు. వెనక నుంచొచ్చేవాడికి ఒక్కళ్ళు కనపడితే చాలా, చాలదా?"

వేసి చూశాను. చాలు. వరసగా నడిస్తే, చివరి మనిషిని చూసి తప్పుకున్నవాడు ముందున్నవాళ్ళనీ తప్పుకుంటాడు. దాన్లో తప్పు దొరకలేదు. దొరికితే బాగుండేది.

కొంత దూరం పోయాక తనే చెప్పింది. "భరిణె పట్టుకుని వరసగా వచ్చింది పెద్దమ్మ. నా దగ్గరికొచ్చి, ఒక్క క్షణం ఆగి, పక్కామెకి పెట్టింది. తప్పు పట్టకు. ఆవిడకి చెయ్యి అలా అలవాటైపోయింది. నేను కూడా బెల్టు కొంచెం వెనక్కి లాక్కున్నాలే. నాకూ అలవాటే."



వెనక నుంచి లారీ వస్తున్న మోత. తిరిగి చూడకుండా అక్క అదే నడక నడుస్తోంది. ఆమె వీపు మీద గుర్తు తెల్లగా మండింది. చాలా దూరంలోనే లైటు దిగింది, ఇంజను మోత తగ్గింది. లారీ రోడ్డు మధ్యకి జరిగి, మా అందరినీ దాటాక గాని ఎడమకి రాలేదు.

"చూశావా, ఎంత దూరం జరిగాడో," అంది అక్క. "పెళ్ళికెళ్ళేవాళ్ళు నేను ఎదురొస్తే ఇలాగే జరుగుతారు."

నవ్వుతోందనుకున్నాను. మొహం చూడటానికి అక్కడ వెలుగు లేదు.

గొల్లపూడిలో వీధిలైట్లు మొదలయ్యేదాకా ఇండికేటరు వేసుకుని వాళ్ళ వెనకే వెళ్ళాను. అందరూ క్షేమంగా కొండ చేరారు. మెట్ల దగ్గర బెల్టులు విప్పి, అన్నీ ఒక సంచిలో వేసి నాకు ఇచ్చేశారు. "అమ్మవారి దయ," అంది పెద్దమ్మ. అక్క అప్పటికే పాదాలు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

ఆ బెల్టుల్ని సబ్బునీళ్ళలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్దాను. కుంకుమ పోయింది, పసుపు పోలేదు. నూనె పూసల సందుల్లోకి దిగిపోయింది. షెడ్డులో లైట్లార్పి టార్చి వేస్తే, దండెం మీద ఆరేసిన వాటిలో ఒక్కటే వెలిగింది.

ఈ ఏడు కూడా నడక ఉంది. నేను కొత్తగా పద్దెనిమిది కుట్టిస్తున్నానని, ఈసారి పట్టీకి పైన, భుజం దగ్గర ఒక గుడ్డముక్క వేయించానని, పసుపూ కుంకుమా దాని మీద పెట్టుకుంటే లైటుకి అడ్డం రాదని అక్కకి ఫోనులో చెప్పాను. అందరికీ చెబుతానంది. తరవాత అంది:

"పెద్దమ్మ మాత్రం అన్ని అక్కర్లేదంటోందిరా. పోయినేడు లాగే చివర నేను నడిస్తే చాలంటోంది. మా ఊళ్ళో నాలాంటోళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఇన్నాళ్ళూ ఎవరూ పిలవలేదు వాళ్ళని. ఈసారి రమ్మన్నారు, చివర నడవడానికి."

"వస్తామన్నారా?"

"ఎందుకు రారు? ఎన్నాళ్ళ నుంచో వాళ్ళకీ వెళ్ళాలనుంది."

టైలరుకి ఇరవై చెప్పాను. అన్నిటికీ ఒకటే కొలత. గుడ్డముక్క కూడా అన్నిటికీ కుట్టమన్నాను.

మొన్న ఆదివారం తీసుకెళ్ళి ఇచ్చాను. అక్క పైనున్నది తీసి వేళ్ళతో పట్టీ తడిమింది. తరవాత భుజం దగ్గర కుట్టిన ముక్క మీద బొటనవేలు ఆగింది.

"నాదానికెందుకురా ఇది?" అంది.

ఆ ముక్క లోపలికి పోయేలా బెల్టు మడిచి, బావ దుప్పటి ఉన్న పెట్టెలోనే పెట్టింది.